షట్‌డౌన్ పనులకు వెళ్ళే మా తమ్ముడికి ఏ వైద్య పరీక్షలు చేయించాలి?

ప్రశ్న: తిరువొత్తియూరు అక్క

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా. పెళ్ళయిన నాటి నుంచి నేను చెన్నైలోని తిరువొత్తియూరులో ఉంటున్నాను. మా ఇంట్లోనే ఉండే మా తమ్ముడు ఒక లేబర్ కాంట్రాక్టరు కింద రిఫైనరీల్లోనూ, పెట్రోకెమికల్ ప్లాంట్లలోనూ షట్‌డౌన్ పనులు, అంటే ప్లాంటును కొన్నాళ్ళు ఆపి చేసే శుభ్రపరిచే పనులు, మరమ్మతులు చేస్తాడు. ట్యాంకుల్లోకి దిగి అడుగున పేరుకున్న మడ్డిని ఎత్తిపోయడం, ఎక్స్‌ఛేంజర్లు (వేడిని మార్పిడి చేసే యంత్రాలు) విప్పి గొట్టాలు కడగడం అతని పని. ఒక చోట పని అయిపోగానే కొచ్చి అనో, మంగళూరు అనో, విశాఖ అనో కబురు వస్తుంది. కాంట్రాక్టరు కూడా ఒక్కోసారి మారిపోతాడు.

ఈమధ్య ఒక షట్‌డౌన్‌లో రోజుకు పన్నెండు గంటల చొప్పున ట్యాంకు పని చేశాడు. ఇంటికి వచ్చేసరికి తలనొప్పి, కళ్ళ మంట, అన్నం సహించకపోవడం. సెలవు రోజున తగ్గిపోయి, మళ్ళీ పనిలోకి వెళ్ళిన రోజునే మొదలయ్యేవి. సూపర్‌వైజరుకు చెబితే బెల్లం ముక్క తిని మజ్జిగ తాగమన్నాడట. గేట్ పాస్ కోసం చేసిన మెడికల్‌లో బరువు, బీపీ, కంటిచూపు చూసి, ఛాతీ ఎక్స్‌రే తీసి ‘ఫిట్’ అని ముద్ర వేశారు. ఆ కాగితం కాంట్రాక్టరు దగ్గరే ఉండిపోయింది. నకలు అడిగితే నీకెందుకన్నారు.

అతని కవరాల్ ఉతికేది నేనే. నానబెట్టిన బకెట్టులో నుంచి పెట్రోలు బంకు దగ్గర వచ్చేలాంటి వాసన, రెండోసారి నీళ్ళు మార్చినా వదలదు. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు, అందుకే నాకు ఇంకా దిగులు.

ఇలాంటి పని చేసేవాళ్ళకు అసలు చేయించవలసిన పరీక్షలేమిటి, వాటి ఖర్చు ఎవరు పెట్టుకోవాలి, ఆ రిపోర్టులు అడిగే హక్కు కాంట్రాక్టు మనిషికి ఉంటుందా? అడిగితే తర్వాతి షట్‌డౌన్‌కు పిలవరేమోనని అతను భయపడుతున్నాడు. తెలిసినవారు దయచేసి చెప్పండి.


జవాబు: విశ్రాంత ఫ్యాక్టరీ వైద్యుడు, అడయారు

అమ్మా, మీరు రాసిన వాటిలో ఒక వాక్యం చాలా విలువైనది. సెలవు రోజున తగ్గి, పని రోజున తిరగబెడుతోందన్నారు. వృత్తి వల్ల వచ్చే అనారోగ్యాన్ని గుర్తించడానికి వైద్యుడు మొట్టమొదట అడగవలసిన ప్రశ్న అదే. అందుచేత ఏ ఆసుపత్రికి వెళ్ళినా ‘తలనొప్పి’ అని చెప్పి ఊరుకోకుండా, ఏ ట్యాంకులో, ఏ సరుకు మడ్డిలో, రోజుకు ఎన్ని గంటలు పనిచేశాడో, ఏ రోజున తగ్గుతోందో కూడా చెప్పించండి. అది చెప్పకపోతే వైద్యుడు మాత్ర రాసి పంపించేస్తాడు. దాన్ని అతని తప్పు అనడానికీ లేదు.

నా దృష్టిలో ఇక్కడ ముందుగా అనుమానించవలసింది బెంజీన్ అనే రసాయనాన్ని. ముడిచమురులోనూ, దాన్ని శుద్ధి చేసేటప్పుడు వచ్చే తేలికపాటి నూనె అయిన నాఫ్తాలోనూ, పెట్రోలులోనూ అది సహజంగానే ఉంటుంది. మనం బంకులో పోయించుకునే బీఎస్-6 పెట్రోలులో కూడా ఘనపరిమాణంలో 1 శాతం వరకు ఉండవచ్చునని ప్రమాణాలే అనుమతిస్తున్నాయి. ట్యాంకు అడుగు మడ్డిని కదిపినప్పుడు ఆవిరి రూపంలో లేచి ఊపిరితో పాటు లోపలికి పోతుంది, కొంత చర్మం గుండా కూడా ఇంకుతుంది. ఎక్కువ మోతాదు పీల్చిన రోజున తల తిరగడం, వికారం కలుగుతాయి. అవి తగ్గిపోతాయి కాబట్టి మనిషి వాటిని పట్టించుకోడు. కానీ ఏళ్ళ తరబడి పీల్చినప్పుడు దెబ్బ తగిలేది ఎముక మజ్జకు. రక్తకణాలు తగ్గిపోవచ్చు, కొందరిలో తీవ్రమైన మైలాయిడ్ లుకేమియా, అంటే ఒక రకం రక్తక్యాన్సరు రావచ్చు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ బెంజీన్‌ను మనుషులకు క్యాన్సరు కలిగిస్తుందని రుజువైన మొదటి గ్రూపులో చేర్చింది.

ఇప్పుడు ఆ గేట్ పాస్ మెడికల్ సంగతి చూడండి. ఛాతీ ఎక్స్‌రేలో బెంజీన్ దెబ్బ ఏమాత్రమూ కనబడదు. బీపీలోనూ కనబడదు. ఇసుక బ్లాస్టింగు చేసేవాడికి ఎక్స్‌రే పనికి వస్తుంది, ఎందుకంటే అక్కడి ప్రమాదం ఊపిరితిత్తుల్లో చేరే సిలికా ధూళి. పనిలో ఏ ప్రమాదం ఉందో చూసి దానికి తగిన పరీక్ష చేయాలే తప్ప, అందరికీ ఒకే కాగితం మీద ఒకే ముద్ర వేయడాన్ని నేను వృత్తి ఆరోగ్య పరీక్ష అని ఒప్పుకోను.

మీ తమ్ముడికి వెంటనే చేయించవలసింది సంపూర్ణ రక్తకణ పరీక్ష, దానితో పాటు పెరిఫెరల్ స్మియర్, అంటే రక్తపు చుక్కను గాజు పలక మీద పూసి సూక్ష్మదర్శినితో కణాలను చూసే పరీక్ష. ఖరీదైనవేమీ కావు, ఏ లాబ్‌లోనైనా చేస్తారు. అయితే ఒక మాట జాగ్రత్తగా గమనించండి. ఒకే ఒక్క రిపోర్టులో అంకెలన్నీ ‘నార్మల్’ హద్దుల్లో ఉన్నాయని నిశ్చింతగా కూర్చోకూడదు. నిరుడు రెండు లక్షల ఎనభై వేలున్న ప్లేట్‌లెట్లు ఈ ఏడు లక్షా అరవై వేలకు వస్తే రెండు రిపోర్టుల్లోనూ నార్మల్ అనే ఉంటుంది, కానీ ఆ తగ్గుదల మాత్రం నార్మల్ కాదు. పాత రిపోర్టు పక్కన పెట్టుకుని చూసినప్పుడే అది తెలుస్తుంది. మీ తమ్ముడి చేతికి నకలు ఇవ్వకపోవడం వల్ల జరుగుతున్న అసలు నష్టం అదే.

పీల్చిన బెంజీన్ ఎంతో తెలుసుకోవడానికి మూత్ర పరీక్ష ఒకటుంది. శరీరం బెంజీన్‌ను మార్చి బయటకు పంపే ఎస్-ఫినైల్ మెర్కాప్ట్యూరిక్ ఆమ్లాన్ని అందులో కొలుస్తారు. ఇది కొన్ని గంటల్లోనే తగ్గిపోతుంది కనుక నమూనా షిఫ్టు ముగిసిన వెంటనే తీసుకోవాలి. షట్‌డౌన్ అయిపోయిన పది రోజులకు చేయించి ఏమీ లేదని అనుకోవడం వృథా. పొగ తాగేవాళ్ళలో ఇది మామూలుగానే ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఆ అలవాటు ఉంటే దాచకుండా చెప్పాలి.

చిగుళ్ళ నుంచి రక్తం రావడం, దెబ్బ తగలకుండానే ఒంటిమీద కమిలిన మచ్చలు, మాటిమాటికీ జ్వరం, మెట్లెక్కితే ఆయాసం, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా రక్తవ్యాధుల నిపుణుడికి చూపించండి.

బెల్లం గురించి కూడా చెప్పి తీరాలి. మన ప్లాంట్లలో ధూళి, ఆవిరి ఉన్న ప్రతిచోటా బెల్లమో, అరటిపండో, పాలో పంచే ఆచారం ఉంది. కార్మికుడి కడుపులో ఏదో ఒకటి పడుతుంది, అంతవరకు మంచిదే. రక్తంలోకి వెళ్ళిన బెంజీన్‌ను బెల్లం బయటకు లాగదు. అది ఇచ్చి మాస్కు ఇవ్వకపోవడం నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం.

కవరాల్‌ను ఇంటికి తీసుకురాకుండా ప్లాంటులోనే విడిచి, అక్కడే స్నానం చేసి, వేరే బట్టలతో రావడం సరైన పద్ధతి. ఆ బట్టలు ఉతికించే ఏర్పాటు పని ఇచ్చేవాడే చేయాలి. అది జరిగేదాకా దాన్ని మూతి కట్టిన సంచిలో తెచ్చి, ఆరుబయట విడిగా, చేతికి గ్లవ్స్ వేసుకుని ఉతకండి. పిల్లల బట్టలతో కలపవద్దు.


తిరువొత్తియూరు అక్క

డాక్టరు గారికి ధన్యవాదాలు. రక్త పరీక్ష రేపే చేయిస్తాను. ఒక సందేహం. ట్యాంకులోకి పంపే ముందు మీటరు పెట్టి చూశారనీ, సున్నా చూపించిందనీ మా తమ్ముడు అంటున్నాడు. సున్నా ఉన్నప్పుడు ఆవిరి ఎలా వచ్చింది?


జవాబు: సేఫ్టీ ఆఫీసర్, ఎన్నూరు

ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం. షట్‌డౌన్‌లో పనిచేసే చాలామందికి, పర్మిట్ (పని మొదలుపెట్టడానికి ఇచ్చే అనుమతి పత్రం) మీద సంతకం పెట్టే కొందరికి కూడా ఈ తేడా తెలియదు.

ట్యాంకు మ్యాన్‌హోల్ దగ్గర సాధారణంగా వాడే మీటరు ప్రధానంగా మంట ప్రమాదాన్ని కొలుస్తుంది. గాలిలో ఎంత ఆవిరి చేరితే నిప్పు అంటుకుంటుందో ఆ కనీస హద్దును నూరుగా తీసుకుని, అందులో ఇప్పుడు ఎన్నో వంతు ఉందో చూపిస్తుంది. బెంజీన్ విషయంలో ఆ హద్దు గాలిలో 1.2 శాతం, అంటే 12,000 పీపీఎం (పీపీఎం అంటే పది లక్షల వంతుల్లో ఒక వంతు). మీటరు మీద కనిపించే ఒక్క అంకె 120 పీపీఎంతో సమానమన్న మాట. అమెరికా కార్మిక శాఖ 1987లో నిర్ణయించిన హద్దు ఎనిమిది గంటల షిఫ్టుకు సగటున 1 పీపీఎం మాత్రమే. కాబట్టి మీటరు సున్నా చూపిస్తున్నప్పుడు కూడా గాలిలో బెంజీన్ ఆ హద్దుకు కొన్ని పదుల రెట్లు ఉండవచ్చు. ట్యాంకు పేలదని ఆ సున్నా చెబుతుంది. మనిషి పీల్చదగిన గాలి అని చెప్పదు. దానికి బెంజీన్‌ను ప్రత్యేకంగా గుర్తించే గొట్టాలో, ఫోటో అయొనైజేషన్ మీటరో వాడాలి. ఒక షిఫ్టంతా కార్మికుడి కాలరుకు తగిలించి తర్వాత లాబ్‌లో పరీక్షించే చార్‌కోల్ బ్యాడ్జి అయితే ఇంకా మేలు.

రెండో సంగతి, పొద్దున తీసిన రీడింగు మధ్యాహ్నానికి చెల్లదు. కదలని మడ్డి మీద గాలి శుభ్రంగానే ఉంటుంది. పార పెట్టి తిరగేసిన క్షణం నుంచి లోపల ఇరుక్కున్న ఆవిర్లు బయటపడతాయి, ఎండకు ట్యాంకు రేకు వేడెక్కే కొద్దీ ఇంకా ఎక్కువ వస్తాయి. పని జరుగుతున్నంతసేపూ మీటరు లోపల ఉండాలి. గాలి పంపే బ్లోయర్ ఆగకూడదు. ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గిందంటే శ్వాస పరికరం లేకుండా లోపల ఎవరూ ఉండరాదు.

గంధకం ఎక్కువగా ఉన్న ముడిచమురు ట్యాంకైతే హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా తోడవుతుంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది కదా, రాగానే బయటికి వచ్చేస్తామని కుర్రాళ్ళు ధీమాగా అంటుంటారు. సుమారు 100 పీపీఎం దగ్గర ఆ వాయువు ముక్కునే మొద్దుబారుస్తుంది. వాసన పోయిందంటే గ్యాస్ పోయిందని అర్థం కాదు. 500 దాటితే మనిషి నిమిషాల్లో కూలిపోతాడు. గాలి కంటే బరువైనది కనుక అడుగునే పేరుకుంటుంది. పడిపోయినవాణ్ణి లాగడానికి మాస్కు లేకుండా దూకినవాళ్ళు కూడా పోయిన సంఘటనలు ఈ రంగంలో అనేకం. మీ తమ్ముడికి ఈ ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పండి: లోపల ఎవరు పడిపోయినా, సొంత అన్నదమ్ముడైనా సరే, గాలి సిలిండరు ఉన్న సెట్టు తగిలించుకోకుండా దిగకూడదు. మ్యాన్‌హోల్ బయట నిలబెట్టిన మనిషి కేకవేసి తాడు లాగాలి, లోపలికి వెళ్ళకూడదు.

మాస్కుల గురించి. గుడ్డ మాస్కుకూ, ధూళి మాస్కుకూ ఆవిరి దగ్గర ఏ విలువా లేదు. నల్లటి కార్ట్రిడ్జి ఉన్న మాస్కు కొంత ఆవిరిని పీల్చుకుంటుంది కానీ ఆక్సిజన్ ఇవ్వదు, కొంతసేపటికి నిండిపోతుంది కూడా. మడ్డి ట్యాంకులోకి బయటి నుంచి గొట్టం ద్వారా గాలి అందించే ఎయిర్‌లైన్ మాస్కు ఇవ్వాలి. గడ్డం పెరిగి ఉంటే ఏ మాస్కూ ముఖానికి సరిగా అంటుకోదు. దిగే రోజు పొద్దున గడ్డం గీసుకోవడం కూడా రక్షణలో భాగమే.

చివరిగా ఆ పన్నెండు గంటల విషయం. ఈ హద్దులన్నీ రోజుకు ఎనిమిది, వారానికి నలభై గంటల పనిని ఊహించి పెట్టినవి. పన్నెండు గంటలు పీల్చేవాడికి పీల్చే సమయం పెరుగుతుంది, శరీరం కోలుకునే సమయం తగ్గుతుంది. పారిశ్రామిక ఆరోగ్య నిపుణులు వాడే బ్రీఫ్–స్కాలా లెక్క ప్రకారం పన్నెండు గంటల షిఫ్టుకు హద్దును సగానికి తగ్గించాలి. షట్‌డౌన్‌లో ప్రొడక్షన్ నష్టాన్ని గంటల్లో లెక్కగట్టే మనం, ఈ లెక్కను మాత్రం ఏ పర్మిట్‌లోనూ చూపించడం లేదు. ఈ రంగంలో ఉన్నవాడిగా ఇది నాకు మింగుడుపడదు.


జవాబు: కోనసీమ రిగ్గు

అక్కా, నాది అమలాపురం దగ్గర. కృష్ణా–గోదావరి బేసిన్‌లో రిగ్గుల మీద పనిచేసి ఇప్పుడు చెన్నైలో ఉంటున్నాను. మా వైపు పరిస్థితి కొంత నయం. చమురు బావులు గనుల చట్టం కిందికి వచ్చేవి కాబట్టి 1955 నాటి మైన్స్ రూల్స్ ప్రకారం చేరేటప్పుడు ఒక పరీక్ష, ఆపైన అయిదేళ్ళకొకసారి పరీక్ష ఉండేవి. అయినా చెవుల సంగతి మేము ఆలస్యంగానే తెలుసుకున్నాం. ఇంజన్ల పక్కన ఏళ్ళు గడిపినవాళ్ళకు మొదట పోయేది సన్నటి, హెచ్చు స్థాయి శబ్దాలు వినే శక్తి. మామూలు మాటలు వినిపిస్తూనే ఉంటాయి గనుక మనిషికి తెలియదు. మీ తమ్ముడు ఎక్స్‌ఛేంజర్లను హైప్రెషర్ జెట్‌తో కడుగుతాడు కాబట్టి ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష కూడా చేయించండి.

ఇంకొకటి, ట్యాంకు పైన మూత తెరిచి టేపుతో మట్టం కొలిచే పని తేలికైనదని కొత్తవాళ్ళకు అప్పగిస్తారు. అమెరికాలో 2010 నుంచి 2014 మధ్య ఆ పనిలోనూ, శాంపిల్ తీసే పనిలోనూ తొమ్మిదిమంది చనిపోయారని అక్కడి ప్రభుత్వ సంస్థలే 2016లో హెచ్చరిక జారీ చేశాయి. మూత తెరవగానే ఒక్కసారిగా ఎగదన్నే ఆవిరి అందుకు కారణం. గాలి వీపు వైపు నుంచో పక్క నుంచో వీచేలా నిలబడాలి; ముఖం మూత మీదికి వంచకూడదు, ఒంటరిగా వెళ్ళకూడదు.

1995 జనవరిలో మొదలై రెండు నెలలకు పైగా మండిన పాశర్లపూడి బ్లోఅవుట్ (బావి నుంచి గ్యాస్ అదుపు తప్పి ఎగదన్నడం) మా వైపు పసిపిల్లలకు కూడా తెలుసు. అదే జిల్లాలో చెవులు పోగొట్టుకున్న డ్రిల్లింగు కార్మికుల పేర్లు వాళ్ళ ఇళ్ళల్లో తప్ప ఎక్కడా తెలియవు.


జవాబు: కార్మిక న్యాయవాది, ప్యారిస్ (చెన్నై)

మేడమ్, హక్కు ఉందా అని అడిగారు. ఉంది, చాలా స్పష్టంగా ఉంది.

భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి ప్రమాదకర ప్రక్రియల అధ్యాయాన్ని చేర్చారు. అందులోని 41-సి సెక్షను ప్రకారం విషపదార్థాలకు గురయ్యే కార్మికుల ఆరోగ్య రికార్డులను యాజమాన్యం సక్రమంగా ఉంచాలి, వాటిని కార్మికులకు అందుబాటులో ఉంచాలి. పనిలో పెట్టే ముందు, పనిలో ఉన్నంతకాలం, పని మానేసిన తర్వాత కూడా పన్నెండు నెలలకు మించని వ్యవధిలో వైద్య పరీక్షలు జరిపించాలి. చమురు శుద్ధి కర్మాగారాలు ఆ చట్టం మొదటి షెడ్యూలులో ప్రమాదకర పరిశ్రమలుగా ఉన్నాయి. 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చి ఆ చట్టం స్థానాన్ని తీసుకుంది; ప్రమాదకర ప్రక్రియల మీద యాజమాన్యపు బాధ్యత అందులోనూ కొనసాగుతోంది. తన ఆరోగ్యానికీ భద్రతకూ సంబంధించిన సమాచారాన్ని యజమానిని అడిగి తెలుసుకోవడం కూడా ఉద్యోగి హక్కుగా ఆ కోడ్‌లో ఉంది.

బెంజీన్ వల్ల వచ్చే వ్యాధి విధిగా తెలియజేయవలసిన వ్యాధుల పట్టికలో ఉంది. చికిత్స చేసిన వైద్యుడు కూడా దాన్ని అధికారులకు తెలియజేయాలి. తమిళనాడులో ఆ అధికారులు పారిశ్రామిక భద్రత, ఆరోగ్య డైరెక్టరేట్‌వారు.

నష్టపరిహారం దగ్గర ఒక చిక్కు ఉంది. 1923 నాటి నష్టపరిహార చట్టంలో ఇలాంటి వ్యాధులకు ఒకే యజమాని దగ్గర వరుసగా ఆరు నెలల సర్వీసు ఉండాలన్న షరతు ఉండేది. నెలకొక కాంట్రాక్టరు దగ్గర పనిచేసేవాడు దాన్ని ఎలా రుజువు చేస్తాడు? ఇప్పుడు సామాజిక భద్రత కోడ్ వచ్చినా, రుజువు చూపించవలసిన భారం ఆచరణలో కార్మికుడి మీదే పడుతుంది. అందుచేత గేట్ పాసులు, జీతపు చీటీలు, బ్యాంకు ఖాతాలో జమలు, ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) నంబరు, ఏదీ పారేయవద్దు. కాంట్రాక్టరు మారినా ఈఎస్ఐ నంబరు మారకూడదు. కొత్త నంబరు ఇస్తే వెంటనే పాతదానితో కలిపించండి. ఆ నంబరు ఉంటే అయనావరం ఈఎస్ఐ ఆసుపత్రిలో పరీక్షలకు డబ్బు కట్టనవసరం లేదు.


జవాబు: విశాఖ మేస్త్రి, మణలి

డాక్టరు గారూ, లాయరు గారూ చెప్పినవన్నీ నిజమే. కానీ తమ్ముడి భయం కూడా నిజమే. ఒక్కడే వెళ్ళి రిపోర్టు అడిగితే తర్వాతి లిస్టులో పేరు ఉండదు, ఇది నేను చూశాను. నేను నడిపే గ్యాంగుతో ఇలా చేస్తున్నాను: షట్‌డౌన్ మొదలయ్యే ముందే, కాంట్రాక్టరు మనుషుల కోసం వెతుకుతున్న సమయంలోనే, అందరికీ రక్త పరీక్ష చేయించి ఎవరి నకలు వాళ్ళకు ఇవ్వాలని మాట తీసుకుంటాను. మనిషి అవసరం వాళ్ళకు ఉన్నప్పుడు ఆ మాట సులభంగా ఒప్పుకుంటారు, పని అయిపోయాక వినరు. కంపెనీ సొంత ఆరోగ్య కేంద్రంలో ఉండే డాక్టర్లు, సేఫ్టీవాళ్ళు చాలామంది మంచివాళ్ళే. కాంట్రాక్టరును దాటి గ్యాంగు మొత్తం తరఫున అడిగితే వాళ్ళే కాంట్రాక్టరుకు చెబుతారు.


తిరువొత్తియూరు అక్క

అందరికీ ఎంతో ఋణపడి ఉన్నాను. కాగితాలన్నీ ఒక ఫైలులో పెడుతున్నాం. దానితో పాటు ఒక నోటు పుస్తకంలో పని వివరాలు రాయించాలని అనుకుంటున్నాను. ఏమేమి రాస్తే తర్వాత డాక్టరుకు ఉపయోగపడుతుంది?


జవాబు: విశ్రాంత ఫ్యాక్టరీ వైద్యుడు, అడయారు

ఒక్కో షట్‌డౌన్‌కు ఒక్క పేజీ చాలమ్మా. ప్లాంటు పేరు, కాంట్రాక్టరు పేరు, మొదటి రోజు, చివరి రోజు. ఏ ట్యాంకు లేదా ఏ యూనిట్, అందులో ఏ సరుకు ఉండేది. ముడిచమురా, నాఫ్తానా, డీజిలా అన్నది చాలా ముఖ్యం. రోజుకు లోపల గడిపిన గంటలు. ఏ రకం మాస్కు ఇచ్చారు, మీటరు లోపల పెట్టారా లేదా. తల తిరిగినా, వాంతి అయినా, స్పృహ తప్పినా ఆ తేదీ, ఆ సమయంలో పక్కన ఉన్నవారి పేర్లు. వీలైతే పర్మిట్ నంబరు; దాన్ని మ్యాన్‌హోల్ దగ్గరే తగిలిస్తారు కాబట్టి కనిపిస్తుంది. రక్త పరీక్ష రిపోర్టు ఎప్పుడు వచ్చినా ఆ పేజీకే పిన్ను చేయండి. ఈ పని మానేసి వేరే ఉద్యోగంలో చేరినా ఏడాదికొకసారి రక్త పరీక్ష మాత్రం ఆపవద్దు, ఎందుకంటే బెంజీన్ వల్ల వచ్చే రక్తక్యాన్సరు పని మానేసిన కొన్నేళ్ళకు కూడా బయటపడవచ్చు. రేపటి రిపోర్టులో హిమోగ్లోబిన్, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు ఎంత ఉన్నాయో అంకెలు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను. మొత్తం తెల్లకణాల సంఖ్యతో పాటు వాటిలో ఒక రకమైన లింఫోసైట్ల సంఖ్య కూడా విడిగా రాయమని లాబ్‌వాళ్ళను అడగండి.